నంబర్లు చెక్కించిన డిస్కులతో కూర్మన్నపాలెం దాకా

పెందుర్తి నుంచి కూర్మన్నపాలెం వెళ్లాలంటే ఎన్.ఏ.డి. కూడలి దగ్గర కుడివైపు తిరిగితే చాలు. నేను మాత్రం నేరుగా మద్దిలపాలెం దాకా పోయి, అక్కణ్ణించి మళ్లీ వచ్చిన దారినే వెనక్కి వచ్చి వెళ్లాను. ఎనిమిదో తరగతిలో బడి ఎగ్గొట్టినవాడికి భూగోళం ఇంతకంటే రాదులే అని మీరు అనుకోవచ్చు. కాదు, దానికో కారణం ఉంది. ఆ కారణం ఇంకా సిగ్గుచేటు.

రెండు వేల రెండు ప్రాంతంలో నాకు పెందుర్తిలో గేముల షాపు ఉండేది. మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. ఫ్యాను కంప్యూటర్లకి, ఉక్కపోత కుర్రాళ్లకి. ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చాక షాపు మూతపడింది. మిగిలిన ఆస్తి ఒక గోనెసంచి నిండా గేము డిస్కులు. కొన్నాళ్లకి ఒక వానాకాలం సంచి విప్పితే, కారు పందెం గేముకి బూజు, యుద్ధం గేము కవరులో బల్లి గుడ్లు. అప్పుడు పట్టుకుంది నాకు పిచ్చి. ఈ గేములు ఇప్పుడు ఎవరూ అమ్మడం లేదు, పోతే మళ్లీ రావు అని ఒక్కొక్కటీ సబ్బునీళ్లతో కడిగి, మెత్తని పాత పంచెతో తుడిచి, కవర్లలో పెట్టి, కవరుకో నంబరు వెయ్యడం మొదలుపెట్టాను.

మా ఆవిడ వీధంతా వినేలా చెప్పేది: "మా పెళ్లి ఫొటోలకి సెద పట్టీసింది. ఈయన ఈటికి నంబర్లేత్తన్నాడు."

ఒకటో నంబరు కవరు మాత్రం ఖాళీ. అందులో ఉండవలసింది ఒక క్రికెట్ గేము. ఆ గేములో ఆటగాళ్ల పేర్లు మార్చుకోవచ్చు. షాపు రోజుల్లో నేను ఒంటి వేలితో వారం రోజులు టైపు చేసి, మా వీధి జట్టు పదకొండు మందినీ అందులో దించేసి, ఒక ఖాళీ డిస్కు మీదికి ఎక్కించాను. లోకంలో అలాంటి డిస్కు అదొక్కటే. మా జట్టు ఓపెనరు సింహాచలం బావ స్టీలు ప్లాంటు ఉద్యోగం వచ్చి కూర్మన్నపాలెం వెళ్తూ దాన్ని పట్టుకుపోయాడు. శనివారం ఫోను చేశాడు.

"బావా, రేపు వచ్చీ. ఆ డిస్కు ఎతకాలి. నా పరువు పోతంది."

విషయం ఏమిటంటే, పెళ్లిచూపుల్లో వీడు గొప్ప కోసం "నాను కంప్యూటర్ గేములో ఉన్నాను" అని చెప్పాడట. పెళ్లయి నాలుగేళ్లయినా ఆ పిల్ల పైడమ్మకి సాక్ష్యం చూపించలేదు. ఇప్పుడు అత్తవారి ఊరంతా వీణ్ణి "గేమల్లుడు" అంటున్నారు. పండక్కి వెళ్తే చిన్నపిల్లలు కూడా నవ్వుతున్నారు. వచ్చే వారం మరదలి పెళ్లి. ఈసారి ఆ నవ్వుల మధ్య వడ్డన చేయలేనని బావ బాధ.

ఆదివారం ఉదయం ఏడింటికి పెందుర్తిలో బస్సెక్కాను. బావ కొత్త కంప్యూటరులోకి కాపీ చేయించుకుందామని నా దగ్గరున్న వాటిలో మేలైన నలభై డిస్కులు సంచిలో వేసుకున్నాను. పక్కన వంకాయల బుట్టతో ఒకామె కూర్చుంది.

"ఏటి బాబూ, అప్పడాలా?"

"కాదమ్మా, పాత గేములు. మళ్లీ దొరకవు."

"అందుకా, సంటిపిల్లన్నట్టు ఒళ్లో ఎట్టుకున్నావు! మా ఆయనా పాతోడే. ఎవులూ ఒళ్లో ఎట్టుకోరు."

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో డ్రైవరు ఒక గతుకు చూసుకోలేదు. సంచి ఎగిరింది, కవర్లు జారాయి, డిస్కులు కాళ్ల కింద పరుచుకున్నాయి. అందరూ ఏరి ఇచ్చారు గాని, ఏ డిస్కు ఏ కవరుదో ఎవరికి తెలుసు? నంబర్లేమో కవర్ల మీద ఉన్నాయి. నెల రోజుల పని నిమిషంలో చిత్తయింది. అప్పుడు నా బుర్ర వెలిగింది. నంబరు డిస్కు మీదే ఉండాలి. చెమటకి చెరిగిపోకూడదు. మన ఇళ్లలో స్టీలు గిన్నె ఎవరిదో ఎలా తెలుస్తుంది? పేరు చెక్కిస్తాం! గిన్నెల మీద పేర్లు చెక్కే తాత మద్దిలపాలెంలో ఒక సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుంటాడు. అందుకే ఎన్.ఏ.డి. దగ్గర దిగలేదు.

తాత చేతిలో మిషను తుమ్మెదలా రొద చేస్తోంది.

"ఎవుల పెళ్లికి?"

"పెళ్లి కాదు తాతా, నంబర్లే."

"ఇచ్చినోల పేరెయ్యాలా?"

"వద్దు. మెరిసే వైపు మాత్రం ముట్టుకోకు. చదివేది ఆ వైపే. బొమ్మున్న వైపు చెక్కు."

ఈ జాగ్రత్త చెప్పినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. తాత ఒక్కో నంబరు పక్కన ఒక్కో పువ్వు కూడా చెక్కాడు. పువ్వు లేకపోతే బోసిగా ఉంటుందట. పక్క బండి మీద ఇడ్లీ తిని, కూర్మన్నపాలెం బస్సెక్కి, గాజువాక దాకా నా డిస్కుల మీది పువ్వులు చూసుకుంటూనే ఉన్నాను.

పదకొండు దాటాక చేరాను. పైడమ్మ గుమ్మంలోనే అందుకుంది.

"వచ్చీసావా అన్నయ్యా? సాచ్చెం నువ్వేనేటి? దొంగకి దొంగ సాచ్చెం!"

చేపల పులుసుతో భోజనం పెట్టింది. తింటుండగా బావ మెల్లగా చెప్పాడు. "ఇల్లంతా ఎతికాను బావా. నేదు. పోయిన ఎండాకాలం మా నూకప్ప పనికిరాని డిస్కులని ఓ సంచి పట్టుకెల్లింది. అందులో పోయినట్టుంది." నూకప్ప అంటే వాళ్ల అక్క. సముద్రం ఒడ్డునే కాపురం. చేపలు ఎండబెట్టినప్పుడు కాకులు రాకుండా మెరిసే డిస్కులు కడుతుందట.

అక్కడికి బయల్దేరే ముందు నా డిస్కులైనా కాపీ చేద్దామని ఒకటి పెట్టాం. కంప్యూటరు గురగురలాడి, వద్దని బయటికి తోసేసింది. ఇంకోటి పెట్టాం. అదీ అంతే. పదో డిస్కు దగ్గర పైడమ్మ ఒకటి తీసి కిటికీ వైపు ఎత్తి చూసింది.

"అన్నయ్యా, ఇందులోంచి కొబ్బరిచెట్టు అవపడతంది."

నిజమే. పదిహేడు అనే అంకె ఆకారంలోను, పక్కన పువ్వు ఆకారంలోను వెలుగు ఇవతలికి వస్తోంది. బావ నెత్తి కొట్టుకున్నాడు.

"ఓరి నీ తెలివి తగలెయ్య! మెరిసే వైపు ఉత్త అద్దం బావా. సరుకంతా బొమ్మ కిందే పలచగా అతుక్కునుంటాది. నువ్వు అద్దాన్ని కాపాడీసి సరుకు గోకించీసావు!"

వానకీ, బూజుకీ, బల్లికీ చావని డిస్కులు నా సంరక్షణకి చచ్చాయి. పైడమ్మ నోట్లో కొంగు కుక్కుకుని వంటింట్లోకి పోయింది. లోపల గిన్నెలు కూడా నవ్వుతున్నట్టు చప్పుడు.

ఆ సంచి పట్టుకునే ఆటోలో సముద్రం ఒడ్డుకి వెళ్లాం. ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. పైన తాళ్లకి డిస్కులు గాలికి గిరగిరా తిరుగుతున్నాయి. మేమిద్దరం మెడలు వెనక్కి వంచి ఒక్కొక్కటీ తిప్పి చూశాం. అన్నీ ఎండకి వెలిసిపోయి, పొరలు రాలి, తెల్లబోయి ఉన్నాయి. చివరి తాడు దగ్గరికి వచ్చేసరికి బావ ముఖమూ అలాగే ఉంది.

"ఏటర్రా, పట్టపగలు సుక్కలు లెక్కెడతన్నారా?" అంటూ నూకప్ప వచ్చింది. విషయం చెప్పాం.

"పేర్లున్నదా? దాన్ని కాకులకేల కడతాను? అచ్చరం ముక్క రాపోయినా, పేర్లని తెలీదేటి? పక్కింటి గుంట చేత సదివించాను. మా తమ్ముడి పేరుందన్నాది. పేరున్న గిన్నె ఎవులైనా పారేత్తారేటి?"

లోపలికి వెళ్లి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. కవరులో డిస్కు. పైన పెన్నుతో నా వంకర రాతలో పదకొండు పేర్లు. చెమ్మ లేదు, గీత లేదు. బావ దాన్ని రెండు చేతులతో పుచ్చుకున్నాడు.

"ఆడుకోండి. మల్లీ తెచ్చి డబ్బాలోనే ఎట్టాలి," అంది నూకప్ప. తర్వాత నా సంచి వైపు చూసింది. "అందులో ఏటి?"

నలభై డిస్కులూ ఇచ్చేశాను. అప్పటికప్పుడే కట్టడం మొదలుపెట్టింది. పదిహేడు పక్కన మూడు, మూడు పక్కన ముప్ఫై. నాకు నోరు ఆగలేదు.

"అప్పా, వరసలో కట్టు..."

"కాకులకి లెక్కలొచ్చేటి?"

సాయంత్రం కూర్మన్నపాలెంలో డిస్కు పెట్టాం. కంప్యూటరు గురగురలాడింది. నేను అలవాటు లేని దేవుళ్లందరికీ మొక్కాను. తెరుచుకుంది. పచ్చటి మైదానంలోకి ఓపెనరు నడిచి వచ్చాడు. కింద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు. పైడమ్మ కూడబలుక్కుంటూ చదివింది. ఈసారి నవ్వలేదు. కుర్చీ లాక్కుని, "జరుగు, నాను ఆడతాను," అంది. మొదటి బంతికే బావ అవుటయ్యాడు.

"ఇంట్లోనూ ఇంతే," అని, వెంటనే ఫోను అందుకుని పుట్టింటికి కలిపింది. "అమ్మా, నిజవే. ఉన్నాడు. నాను సూసాను. ఇంకెవులూ ఆ మాటనకండి."

బావ వీధిలోకి వెళ్లి చాలాసేపు చెప్పులు దులుపుకున్నాడు.

ఆటను కంప్యూటరులో ఒకసారి దాచి, నాకో కాపీ తీసి ఇచ్చాడు. అసలుది మర్నాడే నూకప్పకి ఇచ్చేస్తానన్నాడు. తిరుగు ప్రయాణంలో మద్దిలపాలెం వైపు కన్నెత్తి చూడలేదు. నలభై డిస్కులతో బయల్దేరి ఒక్కదానితో వస్తున్నవాడు పాత వస్తువులు కాపాడటం గురించి సలహా చెప్పకూడదు. అయినా ఆ దారిన వెళ్లేవాళ్లకి ఒకటి చెబుతాను: డిస్కులు నా చేతికి ఇవ్వకండి. బియ్యం డబ్బాలో పెట్టండి.

బస్సు పెందుర్తి దగ్గర పడుతుండగా పక్కాయన దగ్గర మెత్తటి స్కెచ్ పెన్ను అడిగి తీసుకున్నాను. కొత్త డిస్కు మీద నంబరు వెయ్యలేదు. గతుకు వచ్చినప్పుడల్లా ఆగి, పదకొండు పేర్లూ రాశాను. ఒక్క బంతే అయినా ఆడింది గనక, పన్నెండోది పైడమ్మ పేరు.