అధ్యక్షుడి పేరున పెట్టిన వెబ్‌సైట్

కువైట్‌లో మనవాడి పేరున ఏదీ ఉండదు. గది కంపెనీ పేరున, ఫోను సిమ్ము ఎవరో స్నేహితుడి పేరున, దుకాణం కఫీల్ పేరున, అంటే మనకి పూచీ పడ్డ కువైటీ పేరున. ఇక్కడ ఉండనిచ్చే కార్డు ఇఖామా ఒక్కటీ మనదనుకుంటాం, దాని మీదా కఫీల్ పేరుంటుంది. ఏళ్ళ తరబడి అలా బతికితే బుద్ధి కూడా అలాగే తయారవుతుంది. మా బుల్లిరాజు బుద్ధీ అలాగే తయారైంది. అందుకే వాణ్ణి తలుచుకుంటే నాకు జాలీ, మంటా రెండూ పుట్టుకొస్తాయి.

మంగఫ్‌లో వాడూ నేనూ ఒకే గది. నేను షుఐబాలో వెల్డింగ్ పనికి కంపెనీ బస్సెక్కితే, వాడు షర్క్‌లో ఒక ఆఫీసుకి కంప్యూటర్ పనికి వెళ్ళేవాడు. ఊరు రాజోలు దగ్గర. రెండువేల ఆరులో సొంతంగా ఒక వెబ్‌సైట్ తయారు చేశాడు. దాని పేరు తెలుగిల్లు. ఇళ్ళల్లో పనికొచ్చి జాడ తెలియకుండా పోయిన ఆడవాళ్ళ ఫోటో, ఊరు, తీసుకొచ్చిన ఏజెంటు పేరు అందులో పెట్టేవాడు. కింద తన ఫోన్ నంబరు. ఫహాహీల్ నెట్ సెంటర్లలో మన డ్రైవర్లు అది చూసి, ఈవిడ మా పక్కింట్లోనే ఉందని ఫోన్ చేసేవారు. అలా దొరికినవాళ్ళు చాలామందే. శుక్రవారం చర్చి గేటు దగ్గర ఆ పేరు అచ్చేసిన చీటీలు పంచేవాడు. మనవాళ్ళందరికీ ఆ పేరు నోటికి వచ్చేసింది.

అంతా బాగానే ఉంది. నెట్‌లో ఆ పేరు కొనేటప్పుడు యజమాని ఎవరని అడిగిన చోట మాత్రం, మా తెలుగు సంఘం అధ్యక్షుడు నాగేంద్రబాబు పేరు పెట్టాడు. ఈమెయిలూ ఆయనదే. ఆయనకు ట్రావెల్స్ ఆఫీసుంది.

"నీ పేరు పెట్టుకుంటే ఏం పోయిందిరా?" అన్నాను.

"పెద్దాయన పేరుంటే రేపెవరైనా అడిగినా అడ్డముంటారు అన్నయ్యా. మనదేముంది, ఎప్పుడు పంపించేస్తారో ఏంటో."

గంగారత్నం మంగఫ్‌లోనే ఒక ఇంట్లో వంట చేస్తుంది. ఆమె చెల్లెలు అచ్చాయమ్మ జహ్రాలో పనికి కుదిరింది, ఏ ఇల్లో తెలియదు. దగ్గు తగ్గడం లేదనీ, ఇంటి యజమానురాలు మామా ఆస్పత్రికి పంపడం లేదనీ ఒకసారి ఫోన్ చేసి చెప్పింది. ఆ తర్వాత ఫోనే లేదు. చెల్లెల్ని ఎలాగైనా వెతికిపెట్టమని గంగారత్నం ఒక ఫోటో తెచ్చిచ్చింది. పసుపు చీర, చేతిలో ప్లాస్టిక్ పూలు, అమలాపురం స్టూడియోలో తీయించుకున్నది. బుల్లిరాజు ఏజెంటు పేరుతో సహా సైట్‌లో పెట్టాడు. ఆ ఏజెంటు నాగేంద్రబాబు బామ్మర్ది.

సాయంత్రానికల్లా నాగేంద్రబాబు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "ఆ ఫోటో తీసెయ్ బుల్లిరాజూ. మన సంఘం మాట వీధికెక్కితే బాగోదు."

"మనిషి దొరకగానే తీసేస్తానండి. జబ్బు మనిషండి."

మర్నాడు సైట్ తెరిస్తే విమానం టికెట్ల ప్రకటన వచ్చింది. నాకు అర్థం కాలేదు.

"మన సైట్ ఎక్కడికీ పోలేదన్నయ్యా," అన్నాడు వాడు నీరుగారిపోయి. "సర్వర్లో ఉన్నది ఉన్నట్టే ఉంది. పేరు కొడితే ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేది డీఎన్ఎస్. దాన్ని మార్చే అధికారం పేరు ఎవరిదైతే వాళ్ళది. ఆయన తన ట్రావెల్స్ వైపు తిప్పేసుకున్నారు."

ఒళ్ళు మండిపోయింది నాకు. పేరు అమ్మిన కంపెనీకి రాస్తే, మా దగ్గర యజమానిగా ఉన్నది నాగేంద్రబాబు, ఆయన చేతే రాయించండి అన్నారు. ఇద్దరం ఆయన ఆఫీసుకి వెళ్ళాం. ఆ పెద్దమనిషి టీ తాగుతూ, "దాని మీద నీ పేరెక్కడైనా ఉందా?" అని అడిగాడు. బుల్లిరాజు తల దించుకున్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది, ఎవరిదో ఇప్పటికీ చెప్పలేను.

వాడు కొత్త పేరు కొన్నాడు, ఈసారి తన పేరునే. మళ్ళీ చీటీలు పంచాడు. కానీ జనం నోట నానిన పేరు పాతదే.

కొన్ని వారాలకి కొత్త సైట్‌లో అచ్చాయమ్మ ఫోటో చూసి, ఆ కొత్త చీటీ పట్టుకుని జహ్రా నుంచి కడప డ్రైవర్ అన్వర్ బాషా మా గదికొచ్చాడు.

"ఆ యమ్మ మా వెనకింట్లోనే ఉండె అన్నా. దగ్గుతానే పని చేస్తాండె. నీ నంబరు కోసరం పాత పేరు కొట్టినా. టికెట్లు వచ్చినాయి. మళ్ళా కొట్టినా, అవే. మీరు మూసేసినారేమోలే అనుకుంటి."

"ఇప్పుడెక్కడుంది?" అన్నాడు బుల్లిరాజు.

"పోయిన వారం ఆస్పత్రికి తీస్కపోయిరి. ఖలాస్ అన్నా."

గంగారత్నానికి ఆ కబురు నేనే చెప్పాను.

శవాన్ని ఊరికి పంపిన రోజు విమానాశ్రయానికి నాగేంద్రబాబు పెద్ద దండ తీసుకుని వచ్చాడు, వెంట ఫోటోగ్రాఫరుతో. ఆ మర్నాడే, చెల్లెలి ఫోటో మళ్ళీ నెట్‌లో ఉందని ఎవరో చెబితే గంగారత్నం మా గదికి వచ్చి, తెలుగిల్లు తెరిచి చూపించమంది. బుల్లిరాజు పాత పేరు కొట్టాడు. టికెట్ల ప్రకటన పైన నాగేంద్రబాబు దండతో నిలబడి ఉన్నాడు. పక్కన అచ్చాయమ్మ, పసుపు చీర, ప్లాస్టిక్ పూలు. మా సంఘం ఆధ్వర్యంలో స్వగ్రామానికి చేర్చామని కింద రాసి ఉంది.

గంగారత్నం తెర మీది పసుపు చీర మీద వేలు పెట్టింది.

"ఆయన తీసెయ్యమన్న ఫోటో ఇదేనా బాబూ?" అంది.

"ఆయ్, ఇదేనండి," అన్నాడు బుల్లిరాజు.