లంకలో అయిదు రోజులు, చిక్కుడుకాయ లేకుండా

మా ఊళ్ళో ఏ పనికైనా ముందు దాని గురించి మాట్లాడుకునే పని ఒకటి ఉండేది. అసలు పని కంటే అదే ఎక్కువ ఓపిక కోరేది. గోదావరి మధ్య ఒక లంకలో అయిదు రోజులు ఉండి రావాలా వద్దా అన్న సంగతి మీద మా మామా, ఆయన తోటి పెద్దమనుషులూ తొమ్మిది రోజులు మాట్లాడారు. నేను కొత్త కోడలిని. చుట్టలకు నిప్పు, తాగడానికి నీళ్ళు అందించడం నా వంతు కనుక తొమ్మిది రోజులూ విన్నాను. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. కాబట్టి చెప్పేస్తున్నాను.

అప్పటికింకా బస్తరు రాజ్యమే. మా అత్తవారి ఊరు కోంటకు దగ్గర్లో, శబరి ఒడ్డున ఉండేది. ఏటా చలికాలంలో ఒక గూడు పడవ కరక్కాయల మూటలు ఎక్కించుకుని శబరిలోంచి గోదావరిలో పడి, పాపికొండల మధ్యగా దిగువన ఒక లంకకు వెళ్ళేది. అక్కడ సరుకు దింపి, సముద్రం వైపు నుంచి ఉప్పు వచ్చేదాకా అయిదు రోజులు కట్టేసి ఉంచేవారు. ఉప్పు ఎక్కించుకుని మళ్ళీ పైకి వచ్చేది. ఆ ఏడు కరక్కాయలు తక్కువ పడ్డాయి. పడవ నడిపే సరంగు మా ఇంటికి వచ్చి మామతో, "పటేలా, పడవ సగం ఖాళీ ఉంది. మీ ఊరోళ్ళు ఎవలన్నా లంక చూసొస్తరా? తిండి మీది, పడవ నాది," అన్నాడు. మామ ఊరి పటేలు. పటేలు కనుక వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఆ లంకలో మా అత్త చెల్లెలు ఉంది. అత్త పుట్టిందీ మెట్టిందీ ఒకే ఊరు, మేనబావనే చేసుకుంది. వాళ్ళ నాన్న పడవల మీద కరక్కాయల బేరం చేసేవాడట. ఆ పరిచయంతో చిన్న కూతుర్ని లంకలో ఇచ్చాడు. ఇచ్చిన మరుసటేడు ఆయన పోయాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూడలేదు. పడవ ఏటా ఆ లంకకే వెళ్తుంది. అయినా అది సరుకు పడవ, ఆడవాళ్ళు ఎక్కేది కాదు అని ఏటా ఎవరో ఒకరు అనేవారు. సరంగు మాత్రం వచ్చిన ప్రతిసారీ "మంచిగున్నదట" అని చెప్పేవాడు. అత్త కూడా "మంచిగున్ననని చెప్పు" అని పంపేది. పదకొండేళ్ళలో వాళ్ళ మధ్య నడిచిన మాటలు అంతే.

అత్త ఎవరినీ ఏమీ అడగలేదు. పడవ సగం ఖాళీ అన్న మాట చెవిన పడ్డ రోజే అటుకులు దంచింది, నా చేత ఇప్పపువ్వు వేయించింది. రెండూ మూట కట్టి దూలానికి వేలాడదీసింది. ఆ మూట తొమ్మిది రోజులూ అక్కడే ఉంది. దాని కిందే కూర్చుని పెద్దమనుషులు అన్నం తిన్నారు. ఒక్కరూ తలెత్తి ఇదేమిటని అడగలేదు.

మాట్లాడుకున్నది ముఖ్యంగా ముగ్గురు. మామ, ఊరి పూజారి, ఒకసారి రాజమండ్రి చూసి వచ్చిన ఒకాయన. ఈ మూడో ఆయన రాజమండ్రిలో ఉన్నది ఒక పూట. దాని గురించి మాట్లాడుతున్నది మాత్రం ఇరవై ఏళ్ళుగా.

"అయిదు దినాలు ఒక్క తావుల ఏం జేస్తరు?" అని మామ మొదలుపెట్టాడు. పడవ నడుస్తుంటే అది ప్రయాణం, బాగానే ఉంది. కట్టేసి ఉంటే ఏమిటది, ఊరికే కూర్చోవడం. ఊరికే కూర్చోవడానికి అంత దూరం వెళ్ళాలా అని ఆయన సందేహం. ఆ మాట అనేటప్పటికి ఆయన పొద్దుటి నుంచీ నులకమంచం దిగలేదు.

రాజమండ్రి చూసినాయన ఇంకో చిక్కు చెప్పాడు. "లంకంటె చుట్టూ నీళ్ళే. కోపమొస్తె లేచి పోనీకి తొవ్వుండది." దీనికి అందరూ నిజంగా భయపడ్డారు. మాటా మాటా పెరిగితే తుండు దులుపుకుని లేచి వెళ్ళిపోవడం మా ఊళ్ళో పెద్దమనిషి తరహా. అలా లేచి వెళ్ళడానికి దారి లేనిచోట పెద్దమనిషి ఎలా బతుకుతాడు? రెండు రోజులు దీని మీదే గడిచాయి.

తర్వాత సర్కారు సంగతి వచ్చింది. లంక ఉన్నది తెల్లవాళ్ళ ఇలాకాలో. రాజ్యం దాటి అయిదు రోజులు ఉంటే తహసీలులో అర్జీ పెట్టుకోవాలా అని మామ అనుమానం. "నేను పోయినప్పుడు నన్నెవలూ అడగలే," అన్నాడు రాజమండ్రి చూసినాయన. "నిన్నెందుకు అడుగుతరు? నేను పటేల్ని," అన్నాడు మామ. రాజమండ్రి ఆయన తుండు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి అదే చోట కూర్చున్నాడు.

ఆరో రోజున పూజారి గొంతు సవరించుకుని అసలు మాట తీశాడు. "అన్నీ మంచిగనే ఉన్నయి. మరి చిక్కుడు పండుగ?"

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మా అత్తవారి ఊళ్ళో చిక్కుడు పండుగ కాకముందు చిక్కుడుకాయ తినకూడదు. పాదు నిండా కాయలు వేలాడుతున్నా ముట్టుకోకూడదు. పూజారి ఒక రోజు చెప్తాడు. ఆ రోజు ఊరి దేవత దగ్గర వండి పెట్టి, ఊరంతా ఒకేసారి తింటారు. ఎవరైనా ముందే తింటే ఊరి పశువుల మీద పులి పడుతుంది. చుట్టుపక్కల అడవి గూడేల దొర్లవాళ్ళూ అంతే, మావాళ్ళూ అంతే. నేను పుట్టింది భద్రాచలం వైపు, మాకు ఆ కట్టుబాటు లేదు. ఆ కార్తీకంలో పుట్టింటికి వెళ్ళినప్పుడు వంకాయ చిక్కుడుకాయ కూర కడుపునిండా తినే వచ్చాను. నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఊళ్ళో పశువులన్నీ బాగానే ఉన్నాయి.

"లంకల చలికాలం ఏ ఇంట చూసినా చిక్కుడుకాయనే," అన్నాడు రాజమండ్రి చూసినాయన. ఈ విషయం ఆయనకు నిజంగానే తెలుసు. "పొద్దుగాల అదే, మాపటికి అదే."

అందరి ముఖాలూ వాడిపోయాయి. చుట్టమింటికి వెళ్ళి, ఆకులో వడ్డించిన కూర తోసేస్తే ఆ ఇంటికి అవమానం. తింటే మన ఊరికి చేటు. ఒక పూట అయితే కడుపులో బాగాలేదని తప్పించుకోవచ్చు. అయిదు రోజులు కడుపులో బాగాలేని మనిషిని ఎవరైనా వైద్యుడి దగ్గరికి మోసుకుపోతారు. మా ఊళ్ళో పడవ ప్రయాణం అక్కడ ఆగింది.

నాకు ఒళ్ళు మండింది. తలుపు చాటునుంచి, "పండుగే ముందు చేసుకుంటె అయిపాయె గద," అన్నాను.

మామ చుట్టూ చూశాడు. కుండ మాట్లాడిందేమో అన్నట్టు కుండ వైపు కూడా చూశాడు. "ఎవలు?" అన్నాడు. అత్త నా చేయి పట్టి లోపలికి లాగింది. పండుగ ముందుకు ఎందుకు జరగదో తర్వాత అత్తే చెప్పింది. పూజారి ఆ ఏడు గింజ ఆలస్యంగా పెట్టాడు, ఆయన పాదు ఇంకా పూతలోనే ఉంది. ఊరందరి పాదులూ కాసినా పూజారి పాదు కాయందే దేవతకు ఆకలి వేయదు.

తొమ్మిదో రోజు మామ తీర్పు చెప్పాడు. "ఊరి నుంచి ఎవలూ పోవద్దు. తింటె తప్పు, తినకుంటె తప్పు. అసలు పోకుంటె ఏ తప్పూ లేదు." అందరూ తలలూపారు. తొమ్మిది రోజుల కష్టం ఫలించిందన్న తృప్తి వాళ్ళ ముఖాల్లో కనిపించింది.

అత్త చాట కింద పెట్టి బయటికి వచ్చింది. "నేను పోతన్న," అంది.

"చిక్కుడుకాయ పెడ్తరే," అన్నాడు మామ.

"తినను. నా చెల్లెను చూసి పదకొండేండ్లాయె. దాన్ని చూసేతందుకు పోతన్న, కాయ తినేతందుకు గాదు." గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి దూలానికున్న మూట దింపింది.

పెద్దమనుషులు లేచి దూరంగా వెళ్ళి మళ్ళీ మాట్లాడుకుని వచ్చారు. ఆమె తినకుండా చూడటానికి కాపలా ఒకరు కావాలన్నారు. ఎవరు వెళ్తారు? మగవాళ్ళెవరికీ ఆ లంక కూరల ముందు తమ మీద తమకు నమ్మకం లేదు. ఊళ్ళో కొత్తది, నోరు మెదపనిది, నమ్మకమైనది అని చెప్పి కోడలిని పంపుదామన్నారు. అలా ఊరి కట్టుబాటుకు నేను కాపలాదారునయ్యాను.

పడవ ఎక్కాక రెండు రోజులు నా రహస్యం గొంతులోనే ఉంది. కొండలు దాటాక ఉండబట్టలేక చెప్పేశాను. "అత్తా, నేను ఈ ఏడు మా అమ్మింట్ల తినే వచ్చిన."

సరంగు వినడం లేదు కదా అని అత్త అటు తొంగిచూసింది. "మామకు చెప్పకు పిల్లా. నీ కొలువు పోతది," అంది. అప్పుడు నవ్వింది. పెళ్ళయి వచ్చాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఇక దారి పొడుగునా ఆమె ఒకటే అభ్యాసం చేసింది. చెల్లెలు కూర వడ్డించగానే ఏమనాలి? "దగ్గుందే," అని ఒకసారి, "మొక్కున్నదే," అని ఒకసారి. నన్ను చెల్లెలిగా కూర్చోబెట్టి మరీ చెప్పుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం లంక చేరాం. చెల్లెలు రేవుకు పరుగెత్తుకొచ్చి, అక్కను చూసి ఆగిపోయింది. "జుట్టు తెల్లబడె గదనే," అంది. ఇద్దరూ ఇసుకలో కూర్చుని ఏడ్చారు. నాకూ ఏడుపు వచ్చింది. సరంగు మూటలు దింపించడం మాని అటు తిరిగి నిలబడ్డాడు.

ఇంటి ముందు పందిరంతా చిక్కుడు పాదే. గుత్తులు గుత్తులుగా కాయలు. అత్త నా వైపు చూసింది, నేను కాపలాదారులా సర్దుకుని కూర్చున్నాను. చెల్లెలు ఆకులు వేసింది. భర్తకూ పిల్లలకూ చిక్కుడుకాయ కూర వడ్డించింది. మాకు పప్పు, గుమ్మడికాయ వడ్డించింది. అత్త సిద్ధం చేసుకున్న దగ్గు వృథా అయింది. మర్నాడూ అంతే, వాళ్ళకు చిక్కుడు, మాకు బీరకాయ. మూడో రోజుకు అత్త మనసు నొచ్చుకుంది. అక్కకు కాయ పెట్టడానికి చేతులు రావడం లేదా అనుకుంది.

"మాకెందుకు పెడ్తలేవే?" అని అడిగేసింది.

చెల్లెలు ఆశ్చర్యపోయింది. "ఊళ్ళె పండుగైందా?"

"కాలె."

"మరి ఎట్ల పెడ్త? నేను గూడ తింటలేను గద."

"పండుగయినంక తింటవు గద, ఏటా?"

చెల్లెలు గరిటె కింద పెట్టింది. "నాకెట్ల తెలుస్తదక్కా, అయిందో కాలేదో? ఎవలూ చెప్పి పంపలే. ఈడ ఆ పండుగ లేదు. కాలేదేమో అని ఊకుంట. ఊకుంటుండంగనే పాదు ఎండిపోతది."

పదకొండేళ్ళు. పాదు పెట్టడం, నీళ్ళు పోయడం, కోయడం, వండటం, వడ్డించడం, తాను తినకపోవడం. ఎక్కడో ఉన్న మా ఊరి పశువుల మీద పులి పడకూడదని.

ఆమె భర్త మంచివాడే, ఆ ప్రాంతపు మాట ఆయనది. చేయి కడుక్కుంటూ, "అదేంటోనండీ, ముద్ద కూడా ముట్టదు. ఒంటికి పడదేమో అనుకున్నాను," అన్నాడు. అంతకాలంలో ఆయన అడగనూ లేదు, ఆమె చెప్పనూ లేదు.

మిగిలిన రోజులు ఎలా గడిచాయో తెలియలేదు. ఒక్క తావులో అయిదు రోజులు ఏం చేస్తారని మామ అడిగాడు కదా. అక్కచెల్లెళ్ళిద్దరూ కాయలు ఒలుస్తూ మాట్లాడుకున్నారు. అయిదు రోజులు చాలలేదు.

ఇల్లు చేరాక అత్త మూట కూడా దింపకుండా మామ ముందు నిలబడింది. "సంత మర్నాడు పండుగ పెట్టుండ్రి," అంది. పూజారి పాదు ఇంకా కాయలేదని మామ అనబోయాడు. "మన పాదుల కాయ కోసి ఆయన పాదుకు కట్టుండ్రి. దేవతకు నేను చెప్పుకుంట," అంది. మామ నా వైపు చూశాడు. అత్త ఏమీ తినలేదని కాపలాదారు సాక్ష్యం చెప్పింది. పండుగ సంత మర్నాడే జరిగింది. పూజారి పాదుకు నాలుగు కాయలు దారంతో కట్టి ఉండటం నేను కళ్ళారా చూశాను.

ఊరంతా తిన్నారు. అత్త తినలేదు. పరుగున కోంట రేవుకు వెళ్ళి, ఉప్పు దింపి, ఈసారి వెదురు వేసుకుని మళ్ళీ దిగువకు బయల్దేరుతున్న సరంగుతో, "పండుగైందని చెప్పు. తినమన్ననని చెప్పు. తిన్నదో లేదో చూసి రా," అని చెప్పి వచ్చింది. చెల్లెలు తిన్నదని తెలిసేదాకా తానూ ముట్టనంది. పెద్దమనుషులు మళ్ళీ మా పందిట్లో చేరారు. పండుగకు ముందు తినడం తప్పు సరే, పండుగయ్యాక తినకపోవడం తప్పవుతుందా కాదా అని వాళ్ళకు పని దొరికింది.

నెల దాటింది. మా పాదు ఎండిపోయింది. సరంగు వచ్చేసరికి అత్త వాకిట్లో ఎండుకాయలు దులుపుతూ విత్తనాలు ఏరుతోంది.

"తిన్నది," అన్నాడు సరంగు. "నేను చెప్పంగనే లేచి వండింది. మొగనికి పెట్టలే, పిల్లలకు పెట్టలే. పొయ్యి కాడ నిలబడే తిన్నది."

అత్త విత్తనానికి ఏరిన గింజల్లోంచి ఒక గుప్పెడు తీసి నానబోసింది. సాయంత్రం ఉడకబెట్టి, పొయ్యి దగ్గర నిలబడి తిన్నది. మరుసటి వానలకు వాకిట్లో పెట్టడానికి మాకు విత్తనం చాలలేదు. ఆ మీదట ప్రతి ఏడూ పడవ బయల్దేరకముందే పండుగ జరిగింది.