బావగారి తల మీద చెయ్యి పెట్టి

పందొమ్మిది వందల ఎనభైల్లో మా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు వంకరపోయింది, మాట పోయింది. తెనాలిలో అద్దె ఇల్లు, నాకు బాపట్లలో టీచరు ఉద్యోగం. పొద్దున్నే ఆయన ఒళ్ళు తుడిచి, జావ పట్టి, పక్కింటావిడకి అప్పజెప్పి రైలెక్కేదాన్ని.

చూడటానికి రేపల్లె నుంచి మా బావగారు వచ్చారు. మా ఆయనకి స్వయానా అన్నగారు, అక్కడి చర్చి సంఘంలో పెద్ద. ప్రార్థన చెయ్యాలని సంఘంవాళ్ళని కూడా వెంటేసుకొచ్చారు. మేమంతా మంచం చుట్టూ కళ్ళు మూసుకుని నిలబడ్డాం. బావగారు తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి గొంతెత్తారు.

"ప్రభువా, ఈ ఇంట్లో దాచిన పాపమేంటో నీకు తెలుసు. అది ఒప్పుకునేదాకా ఈ మంచం మీంచి లేపొద్దు తండ్రీ."

ప్రార్థనకి ఎవరూ మధ్యలో అడ్డు రాకూడదు, అది మా పద్ధతి. ఎంత మాటన్నా మనిషిని అన్నట్టు కాదు, దేవుడికి చెప్పుకున్నట్టు. చివర్లో అందరూ ఆమెన్ అనాలి. అన్నారు. అలవాటు కొద్దీ నా పాడు నోరు కూడా అనేసింది. అననిది మా ఆయన ఒక్కరే, నోరు తిరగక. కంట్లో నీళ్ళు మాత్రం చెవిలోకి కారాయి.

ఏం పాపం చేశారట? జీవితంలో ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆ ప్రార్థన మాట ఊళ్ళో పాకి, తర్వాతి ఆదివారం నుంచి మా చర్చిలో జనం నన్ను చూసే చూపు మారింది. ఆడవాళ్ళ కూడికలో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, అదేదో ఒప్పేసుకుంటే మేలు కదా అని నచ్చజెప్పింది కూడా. నా ఒళ్ళు మండిపోయింది.

ఇక మొదలుపెట్టాను. రోజూ రైల్లో బాపట్లదాకా ఒకటే ప్రార్థన. ప్రభువా, మా బావగారికి ఆయుష్షు ఇవ్వు, నా వంతు వచ్చేదాకా ఆయన్ని చావనివ్వకు. కష్టాల్లో దేవుడే నిలబెట్టాడని అందరూ సాక్ష్యం చెబుతారు. నేనూ చెబుతాను. ఆ పగే ఇవ్వకపోతే, మంచంలో మనిషికి అన్నీ ఎత్తిపోసి, బడిలో పాఠాలు చెప్పి, మళ్ళీ వచ్చి వండే ఓపిక నాకెక్కడిది?

ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద ఉండేసరికి నా ప్రార్థనకి పేరొచ్చింది. జబ్బు చేసినవాళ్ళు కబురు పెట్టేవాళ్ళు. మా ఆయన గోడకి ఆనుకుని కూర్చోగలిగారు, నీళ్ళు, అన్నం అని ఒకటీ అరా మాట అనగలిగారు.

తొంభైల్లో బావగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. నన్ను వచ్చి ప్రార్థన చెయ్యమంటున్నారని తోడికోడలు కబురు పంపింది. ఆ రోజు రేపల్లె రైలు ఎంత నెమ్మదిగా నడిచిందో నాకే తెలుసు.

మంచం చుట్టూ ఆయన సంఘమంతా ఉంది. ఆయన తల మీద చెయ్యి పెట్టాను. ఆ ఇల్లు, ఆ పాపం, ఆ మంచం, ఒక్క మాట పోకుండా, ఆయన గొంతెత్తినట్టే ఎత్తి అప్పజెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ఆయన అనలేదు. నేను చెయ్యి తియ్యలేదు.

"ఆమెన్ అనండి, బావగారూ."

అన్నారు.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. మా ఆయన ఎడమ పక్క నోటితో నవ్వి, కష్టం మీద నాలుక తిప్పి, "ఆమెన్" అన్నారు.