హంగేరీ గుమాస్తా రాజీనామా

పొద్దున జనగామలో రైలెక్కి, ఫోన్‌లో ఒక హంగేరీ కామెడీ సినిమా పెట్టాను. యాభై ఏళ్ల గుమాస్తా అద్దం ముందు వారమంతా సాధన చేసి, రాజీనామా ఇవ్వడానికి మేనేజరు గదిలోకి వెళ్తాడు. ఆదివారం డ్యూటీ కూడా ఒప్పుకుని బయటికొస్తాడు. పగలబడి నవ్వాను. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని నాతోపాటే చూస్తున్న పక్కసీటు పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"అండ్ల నవ్వేటిదేమున్నది తమ్మీ? ఆయనకు పిల్లల ఫీజులుండయా?" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. సికింద్రాబాద్‌లో దిగుతూ, "మిగిలింది రేపు చూద్దాం. ఒక్కనివే చూడకు" అన్నాడు.

సినిమా చాలా బాగుంది. ఇదివరకే చూసినవాళ్లు, చివరికి ఆ గుమాస్తా రాజీనామా చేశాడో లేదో కామెంట్లలో చెప్పకండి. రేపు ఆఫీసుకు వెళ్లడానికి మా ఇద్దరికీ ఉన్న కారణం అదొక్కటే.