పీటముడి డ్రైవరు

ఇళ్ల సామాన్లు తరలించే ఆ వ్యాన్ డ్రైవరును వీధిలో అందరూ "పీటముడి" అనే పిలుస్తారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వమే. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి వేసి, చక్రానికి కాలు తన్నిపెట్టి బిగించాడంటే బీరువా మాట అటుంచి, దాని మీది దుమ్ము కూడా కదలదు. ఆయన బండి మీంచి ఇంతవరకు గరిటె కూడా జారిపడలేదు. దించేటప్పుడు మాత్రం ఇంటివాళ్లు పళ్లతో, స్క్రూడ్రైవర్లతో, చివరికి తిట్లతో ఆ ముడులు విప్పుకోవాలి.

గుడారాలు అద్దెకిచ్చే వాళ్లక్క ఇల్లు మారుతుంటే సామాన్లన్నీ తనే కట్టాడు. కొత్త ఇంటి ముందు బండి ఆగీ ఆగకముందే వాన అందుకుంది. పరుపులేమో అన్నిటికంటే పైన. తడిసిన తాడు ఉబ్బి, ముడి రాయిలా అయింది. ఆయన గోళ్లు విరిగాయి గానీ ముడి వీడలేదు.

"కత్తి తేనా?" అంది అక్క గొడుగు కింద నుంచి.

"అమ్మో, తాడు కోస్తావా! కొత్తదక్కా!"

"పరుపు కూడా కొత్తదేరా."

కోసేసింది. తన చెవి కోసినట్టు మొహం పెట్టాడాయన.

పరుపులు లోపల గోడకు ఆనించాక, అక్క ఒక తాడు ముక్కను కిటికీ ఊచకు చుట్టింది.

"కొస మొత్తం దూర్చెయ్యకు. మడిచి, ఆ మడతనే దూర్చి బిగించు. ఏదీ, ఇప్పుడు లాగు."

అవతలి వైపు పట్టుకుని ఆయన ఎంత గుంజినా ముడి బిగిసిందే తప్ప జారలేదు. అక్క వేలాడుతున్న కొసను రెండు వేళ్లతో లాగింది. తాడు ఊడి కింద పడింది.

"లాగితే ఊడేది కూడా ఒక ముడేనా?"

"చిన్నప్పుడు నీ బూట్లకి కట్టింది ఇదేరా. లేకపోతే ఇప్పటికీ ఆ బూట్లతోనే పడుకునేవాడివి."

వారం తిరక్కుండా ఆయనకు ఆ ముడి పిచ్చి పట్టుకుంది. సంచులకు అదే, గేటుకు అదే. టీ దుకాణంలో కనిపించినవాళ్ల చేతికల్లా తాడిచ్చి "లాగు, లాగు" అని ప్రాణం తీసేవాడు. ఆ ఊపులో పెరట్లో బట్టల తాడు కూడా విప్పి, కొత్త ముడి వేసి, కొసను ముచ్చటగా వేలాడదీశాడు.

మర్నాడు ఆయన భార్య దుప్పట్లన్నీ ఆరేసి, మొహానికి అడ్డొస్తోందని ఆ కొసను పక్కకు లాగింది. తాడు, దుప్పట్లు, ఆయన తెల్లచొక్కా, అన్నీ బురదలో.

"ఏమండీ," అని పిలిచిందావిడ ఎన్నడూ లేనంత తీయగా, "మీ ముడి ఎంత చక్కగా ఊడిందో చూద్దురుగాని రండి!"

మధ్యాహ్నం అక్క వచ్చేసరికి ఆయన సబ్బు నురగలో మోచేతుల దాకా మునిగి దుప్పట్లు ఉతుకుతున్నాడు.

"ముడిలో తప్పేం లేదక్కా," అన్నాడు తలెత్తకుండా. "ఎక్కడ కట్టకూడదో నువ్వు చెప్పలేదు."

అక్క నవ్వాపుకుంటూ దుప్పటి రెండో చివర పట్టుకుని పిండసాగింది.