రూతు పెళ్ళిపూల బుట్ట

రామచంద్రపురానికి కూతవేటు దూరంలో, కాలవగట్టు మీద ఉన్న మిషను పేటలో పెళ్ళి కుదిరితే ముందు ప్రార్థన చేయించే అయ్యగారికి కబురు వెళ్ళేది, ఆ వెంటనే దీనమ్మకు వెళ్ళేది. అయ్యగారికి జ్వరమొస్తే పక్క ఊరి అయ్యగారు వచ్చి పెళ్ళి చేసేవారు. దీనమ్మకు జ్వరమొస్తే మాత్రం ప్రార్థన గుడి గోడలు బోసిగా ఉండిపోయేవి. ఆ బోసితనాన్ని పెళ్ళివారు చచ్చేదాకా ఎత్తిపొడుచుకునేవారు.

పేటవాళ్ళు క్రైస్తవ మతం పుచ్చుకున్నాక పెళ్ళిలో చాలా పోయాయి మరి. మిషను నడిపే దొరగారు బాసికం వద్దన్నారు, పారాణి వద్దన్నారు, మేళం వద్దన్నారు, చివరికి మామిడాకు తోరణం కూడా ఎందుకన్నారు. అన్నీ వద్దంటే ఇక పెళ్ళికీ ఆదివారం ప్రార్థనకీ తేడా ఏమిటని ముసలమ్మలు గొణుక్కునేవారు. వాళ్ళన్నదాంట్లో తప్పేముంది? కాగితం పూలు వద్దనాలని మాత్రం దొరగారికి తోచలేదు. కాగితానికి ఏ దేవతా లేదు కదా. ఆ సందులోంచే దూరింది దీనమ్మ.

ఆమె తల్లి పాతకాలం మనిషి. నీళ్ళగుంటల్లో మొలిచే జీలుగు కోసి, ఎండబెట్టి, పైతొక్క చెక్కేసి, లోపలి తెల్లటి బెండును పల్చటి రేకులుగా తీసి బాసికాలు కట్టేది. ఆ చేతివాటం కూతురికి వచ్చింది. బాసికాల కాలం పోయింది కాబట్టి దీనమ్మ కాగితం పట్టుకుంది. బడిపిల్లలు రాసి పారేసిన కాగితాలు, మిషను అచ్చుకూటంలో సిరా అలుక్కుపోయిన కాగితాలు, ఎవరూ వద్దన్నవన్నీ ఆమెకు ముడిసరుకే. రంగులు వంటింట్లోంచి, చాకలివాళ్ళ దగ్గర్నుంచి వచ్చేవి. పసుపు, నీలిమందు, కాస్త లక్క. కాడలకు కొబ్బరి ఈనెలు, అంటించడానికి చింతపిక్కల జిగురు, కట్టడానికి అరటినార. రేకుల మీద అక్కడక్కడా సగం సగం అక్షరాలు కనిపించేవి. ప్రార్థన సాగుతుండగా అయ్యగారు ఒంటికన్ను తెరిచి పూలరేకులు చదువుకుంటారని పేటలో ఓ వేళాకోళం ఉండేది.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని ఎవరైనా దెప్పితే, "పల్లకీ కనిపిస్తే చాలదేంటమ్మా, ఈగల్ని ఎవరు చూడొచ్చేరు?" అనేది దీనమ్మ. అప్పట్లో ఆమెకు మాట అంత చురుగ్గా ఉండేది.

పువ్వు కట్టడంలో ఒక చిక్కుంది. రేకులన్నీ ఈనె చుట్టూ పేర్చాక నారను బిగువుగా చుట్టాలి. రెండో కొస ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి, లేకపోతే పువ్వు వదులై రేకులు జారిపోతాయి. మొగుడు లంకలో పాము కరిచి పోయిన దగ్గర్నుంచీ ఆ కొస పట్టుకున్నది కూతురు రూతు. నడక వచ్చిన ఏడాదే పని నేర్చింది. తల్లి చెయ్యి చాస్తే చాలు, ఎక్కడున్నా వచ్చి పట్టుకునేది. ఇద్దరూ కబుర్లాడుకుంటూ ఒక పెళ్ళికి సరిపడా పూలు ఒక్క మధ్యాహ్నంలో కట్టి పడేసేవారు.

రూతుకు పెళ్ళి కుదిరింది. వరుడు బయటివాడేం కాదు, దీనమ్మ అన్న చిట్టియ్య కొడుకు సామ్యేలు. మిషను బళ్ళో చిన్న పంతులు. మేనరికం కాబట్టి మాటలూ మంతనాలూ లేకుండానే ఖాయమైపోయింది. పేటలో పెళ్ళిళ్ళన్నిటికీ కాగితం పూలు కట్టిన దీనమ్మ, సొంత కూతురికి కాగితం కట్టనంది. తానే మొలలోతు నీళ్ళలో దిగి జీలుగు కోసుకొచ్చింది. తల్లి వాడిన కత్తికి పదును పెట్టించి బెండు పూలు చేసింది. బాసికం కాదు, ఉత్త పూలే కాబట్టి దొరగారు కిక్కురుమనడానికి వీల్లేదు. రంగు అద్దలేదు. మల్లెలంత తెల్లగా ఉన్నాయి. వాటిని మూత ఉన్న తాటాకు బుట్టలో పెట్టి దూలానికి వేలాడదీసింది.

పెళ్ళి వారంలో పడిందనగా కాలవ వెంబడి కలరా వచ్చింది. పొద్దున రూతుకు వాంతులు మొదలయ్యాయి, దీపాలు పెట్టే వేళకు పిల్ల లేదు.

దీనమ్మ ఏడవలేదు. సమాధి దొడ్లో మట్టి పోస్తుంటే, ఇంటి దగ్గర జిగురు పొయ్యి మీదే వదిలేశాను, మాడిపోయి ఉంటుంది అంది. పక్కింటి రత్తమ్మ గుండెలు బాదుకుని ఏడుస్తుంటే దీనమ్మ ఆమె భుజం తట్టి ఊరుకోమంది. ఏడవని తల్లిని లోకం క్షమించదు. రాతిగుండె అన్నారు, దెయ్యం పట్టిందన్నారు, మతం పుచ్చుకుంటే ఇంతే, ఏడుపు కూడా మర్చిపోతారని అవతలి వీధివాళ్ళు అన్నారు. అవన్నీ దీనమ్మ చెవిన పడ్డాయి. కోపం రాలేదు. అసలేమీ రాలేదు. వండుకుంది, తింది, పూలు కట్టింది. నార రెండో కొస ద్వారబంధానికి ముడేసి తనపని తాను చేసుకుంది. కూతురి పేరు మాత్రం ఆమె నోట ఎవరూ వినలేదు. బుట్ట దూలానికి అలాగే వేలాడుతోంది. అది అక్కడున్నంత కాలం రూతు పెళ్ళి వాయిదా పడ్డట్టే ఉంది ఆమెకు.

ఏడాది తిరిగింది. నిడదవోలుకు రైలు వచ్చిన కొత్త రోజులు అవి. అక్కడి క్రైస్తవ కుటుంబంలో మార్తమ్మ అనే పిల్లతో సామ్యేలుకు సంబంధం కుదిరింది. కుర్రవాణ్ణి ఎన్నాళ్ళని అలా ఉంచుతారు? చిట్టియ్య మింగలేక కక్కలేక చెల్లెలి గుమ్మంలో నిలబడ్డాడు.

"చెల్లీ, నీకు కష్టమనిపిస్తే చెప్పు. పూలు రాజమండ్రి నుంచి తెప్పించుకుంటాం."

"కష్టమేముంది అన్నయ్యా. ఏ రంగు కావాలంట?"

"పసుపు రంగైతే బాగుంటాదని ఆడపెళ్ళివారు అన్నారు." చిట్టియ్య తలెత్తి దూలం వంక చూశాడు. "ఆ బుట్టలోవి ఊరికే పడున్నాయి కదా... పిల్ల జడకి..."

"అవి ఇవ్వను. అవి దాని పూలు. కావాలంటే నా ప్రాణం అడుగు, ఇస్తాను. ఆ బుట్ట ముట్టుకోకు."

చిట్టియ్య మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

దీనమ్మ పసుపు కలిపిన నీళ్ళలో కాగితాలు ముంచి ఆరేసింది, కత్తిరించింది, కట్టింది. తన కూతురు కూర్చోవలసిన పీట మీద ఇంకో పిల్ల కూర్చోబోతోందని ఆమెకు తెలుసు. తెలియడమే గానీ తగలడం లేదు. మొద్దుబారిన పంటిని నాలుకతో తడుముకున్నట్టు ఆ సంగతిని ఒకటి రెండుసార్లు తడిమి చూసుకుని వదిలేసింది.

అయ్యగారి పేరు జీవరాజు. చాలా మంచివారు, కానీ ఏ పనైనా మీదికొచ్చేదాకా గుర్తురాదు. పెళ్ళి రేపనగా గుడికి వెల్ల వేయించారు. సాయంత్రం దీనమ్మ పూలబుట్టలతో వెళ్ళేసరికి గోడలు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆమె జిగురు రాసి పసుపు పూలన్నీ ఆ గోడకే వరసగా అంటించింది. ప్రార్థన బల్ల వెనకాల చంద్రవంకలాగా పెద్ద దండ తీర్చింది. చూసినవాళ్ళు చాలా బాగుందన్నారు. చీకటి పడకముందే ఇంటికి వచ్చేసింది. గోదావరి మీద రైలు వంతెన ఇంకా లేవలేదు కాబట్టి ఆడపెళ్ళివారు ధవళేశ్వరం దగ్గర రేవు దాటి, కాలవ పడవ ఎక్కి వచ్చి గట్టు దగ్గర దిగారు.

తెల్లారి గుడి చూద్దామని ముందుగా వెళ్ళింది మార్తమ్మ మేనత్త సంపూర్ణమ్మ. వెళ్ళినంత వేగంగానే కేకలేసుకుంటూ తిరిగొచ్చింది. పేట పేటంతా పరిగెత్తింది. పసుపు పూలన్నీ ఎర్రబడి ఉన్నాయి. తడి సున్నంలోకి పసుపు దిగి, కొత్త వెల్ల మీద ప్రతి పువ్వు కిందా ఎర్రటి చార కారింది. బల్ల వెనక గోడ మేకను కోసిన చోటులా ఉంది.

"పసుపుకి సున్నం తగిలితే ఏమవుద్దో తెలియని ఆడది ఉంటాదా? పారాణి కలపని చెయ్యి ఉందా ఈ దేశంలో?" సంపూర్ణమ్మ గొంతు కాలవ అవతలికి వినిపిస్తోంది. "కూతుర్ని పోగొట్టుకున్న కడుపుమంట మా పిల్ల మీద తీర్చుకుంది. పెళ్ళికి పోతా పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఈవిడ చేతికి పూలు ఇచ్చినోళ్ళని అనాలి!"

శకునాలు నమ్మకూడదని అయ్యగారు అన్నారు. అంటూనే ఆ గోడకు నాలుగడుగులు ఎడంగా నిలబడ్డారు. ఇక ఆయన మాట ఎవరు వింటారు? మార్తమ్మ పడవలోకి తిరిగి వెళ్ళి ముసుగేసుకుని కూర్చుంది. పడవ తిప్పెయ్యమని సంపూర్ణమ్మ పడవవాడి మీద పడింది.

సామ్యేలు దీనమ్మ దగ్గరికి వచ్చాడు. నిద్ర మొహం, పెళ్ళి చొక్కా. "అత్తా, తెలిసే చేసేవా?" అన్నాడు మెల్లిగా.

లేదురా అంటే సరిపోయేది. దీనమ్మకు అబద్ధం చేతకాక కాదు, నిజమేమిటో ఆమెకే తెలియలేదు. పసుపూ సున్నం కలిస్తే ఎరుపవుతుందని ఆమెకు తెలియకపోవడమేమిటి, మతంలోకి రాకముందు జరిగిన తన పెళ్ళికి తన తల్లి పారాణి కలుపుతుంటే చూడలేదా? నిన్న సాయంత్రం తడిగోడ మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ సంగతి ఎక్కడికి పోయింది? లోపల వెతుక్కుంది. అక్కడ కోపం లేదు, కుళ్ళు లేదు, పశ్చాత్తాపం కూడా లేదు. ఊడ్చిన గదిలా ఉంది.

"తెలీదురా" అంది.

అంతకన్నా చెడ్డ జవాబు ఉండదు. సామ్యేలు వెనక్కి తిరిగి గుడి వైపు నడిచాడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా చిట్టియ్య భార్య ఏడుపు అందుకుంది. పాపం, ఒక కోడలు మట్టిలోకి పోయింది, ఇంకో కోడలు పడవలో తిరిగి పోతోంది.

దీనమ్మ ఇంటికి నడిచింది. పీట వేసుకుని ఎక్కి, దూలం నుంచి బుట్ట దించింది. తాడు మసిబారి ఉంది. మూత తియ్యకుండానే చంకన పెట్టుకుని రేవుకు వచ్చింది. జనం తప్పుకుని దారి ఇచ్చారు. పడవ పక్కన నీళ్ళలో మోకాలిదాకా దిగి, అంచు మీద బుట్ట పెట్టి, అప్పుడు మూత తీసింది.

"అమ్మాయ్, ఇవి నా కూతురి పెళ్ళికని చేసినవి. అది పెట్టుకోలేదు. నేను తెలిసి చేసేనో తెలీక చేసేనో నాకే తెలీదమ్మా. నీకు చెడు మాత్రం అనుకోలేదు. పోయినదాని పూలని నీకు భయమైతే వద్దు, తీసుకుపోతాను."

"దెయ్యం పూలు!" అంది సంపూర్ణమ్మ. "ముట్టుకోకే!"

మార్తమ్మ ముసుగు తీసింది. కళ్ళు వాచి ఉన్నాయి. బుట్టలోకి చాలాసేపు చూసింది. ఏడాదైనా బెండు తెలుపు తగ్గలేదు.

"ఆవిడ పేరేంటండి?"

దీనమ్మ బుట్ట అంచు పట్టుకుంది. "రూతు."

"అత్తా, నువ్వూరుకో" అంది మార్తమ్మ మేనత్తతో. "నాకు చెడు కోరే మనిషైతే కూతురి పూలు తెచ్చి ఇస్తారేంటి?" తర్వాత దీనమ్మకు వీపు తిప్పి జడ వీపు మీదికి వేసుకుంది. "మీరే పెట్టండి."

దీనమ్మ పెట్టింది. అటు గుళ్ళో సామ్యేలు తానే నిచ్చెన ఎక్కి ఎర్రపూలన్నీ పీకేశాడు. మిగిలిన తెల్లపూలు ఈసారి గోడకు అంటించలేదు, తాడుకు కట్టి అడ్డంగా వేలాడదీశారు. చారలు వాటి వెనకాల కొంత దాగాయి, కొంత కనిపించాయి. పొద్దెక్కాక పెళ్ళి జరిగింది. దీనమ్మ వెనక చాప మీద కూర్చుంది. అందరితో కలిసి లేచింది, అందరితో కలిసి పాడింది, బంతిలో అన్నం తింది. సంపూర్ణమ్మే కొసరి కొసరి వడ్డించింది. అలాంటివాళ్ళకు కోపమొచ్చినా ఆగదు, తప్పు తెలిసినా ఆగదు. అప్పటికీ దీనమ్మకు ఏమీ అనిపించలేదు.

పడవ వెళ్ళిపోయింది. పేటలో పల్లంరాజు కూతురి పెళ్ళి దగ్గరపడింది, నీలం పూలు కావాలన్నాడు. ఓ మధ్యాహ్నం దీనమ్మ గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. ఖాళీ బుట్ట పక్కనే ఉంది. కత్తిరించిన రేకులు వేసుకోవడానికి దాన్నే తీసుకుంది. ఈనె చుట్టూ రేకులు పేర్చింది. నార చుట్టడం మొదలుపెట్టి, రెండో కొస పట్టుకున్న చెయ్యి పక్కకు చాచి, "రూతూ, ఇది పట్టుకో" అంది.

చెయ్యి అలాగే ఉండిపోయింది.

గోడ అవతల బియ్యం చెరుగుతున్న రత్తమ్మకు అరుపు వినిపించింది. పామో, నిప్పో అనుకుని చేట పడేసి పరిగెత్తుకొచ్చింది. దీనమ్మ నేల మీద ఉంది. నీలం రేకులు ఇల్లంతా పడి ఉన్నాయి.

"ఏంటి దీనమ్మా? ఏమైందే?"

"రత్తమ్మా, మా రూతు చచ్చిపోయిందే" అంది దీనమ్మ. "మా రూతు చచ్చిపోయింది."

రూతుకు ఆఖరి స్నానం చేయించి చీర కట్టింది రత్తమ్మే. అయినా ఆ కబురు అప్పుడే విన్నట్టు, "ఎంత పని జరిగిపోయిందే తల్లీ" అంటూ పక్కన కూలబడి ఆమెను పట్టుకుని ఏడ్చింది.