వంకరగా నడిచిన గడియారం

సాలమోను గోడ గడియారాన్ని చెవితో వేలాడదీస్తాడు. లోలకం అటు వెళితే ఒక టిక్కు, ఇటు వస్తే ఒక టిక్కు. రెండింటి మధ్యా ఎడం సమానంగా వినపడేదాకా గడియారాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతాడు. ఆ తరవాత కీ ఇస్తే వారంరోజులు ఆగే ప్రశ్నే లేదు. అమలాపురంలో ముప్ఫయ్యేళ్ళుగా అతని చేతికి పేరు అలాగే వచ్చింది.

అలాంటివాడు బాగుచేసిన గడియారం ముక్తేశ్వరంలో రత్నం టీచరుగారింట్లో మూడోసారి ఆగింది. కొట్లో ఉన్నన్నాళ్ళూ బుద్ధిగా నడుస్తుంది. ఆవిడింటికి చేరిన మర్నాటికల్లా మొండికేస్తుంది.

"ఆదివారం దాకా చూస్తాను సాలమోనూ," అన్నారావిడ గుమ్మంలోనే. "మళ్ళీ ఆగిందా, దీన్ని అటకెక్కించేసి బ్యాటరీది తెచ్చుకుంటాను."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు సాలమోను. తను బాగుచేసింది అటకెక్కిందని నలుగురికీ తెలిస్తే ఇంకెవరిస్తారు?

చెవి ఒగ్గి వేలాడదీశాడు. నడిచింది. ఈసారి వెళ్ళిపోకుండా మంచినీళ్ళడిగి కూర్చున్నాడు.

టీచరుగారు నీళ్ళిచ్చి, కొంగుతో గడియారం అద్దం తుడిచి, పనిలో పనిగా దాన్ని తిన్నగా నిలబెట్టారు. టిక్కు కుంటింది. కాసేపటికి ఆగిపోయింది.

"రోజూ ఇలా సర్దుతారాండీ?"

"వంకరగా ఉంటే ఊరుకోనా? ముప్ఫయ్యారేళ్ళు పిల్లల చేత తిన్నగా మార్జిన్లు గీయించేను!"

"అలా ఉంటేనే నడుస్తుందండీ."

"అయితే నువ్వు బాగుచేసిందేవిటయ్యా?"

లోలకాన్ని నెట్టే తీగ కాస్త వంగి ఉందని సాలమోను మొదటిరోజే చూశాడు. పాత తీగ, సరిచేయబోతే విరుగుతుందని భయం. అందుకే గడియారాన్నే ఓ పక్కకి వాల్చి లెక్క సరిపెట్టేశాడు.

"ముందు మీ కంటికి తిన్నగా పెట్టండి టీచరుగారూ."

ఆవిడ పెట్టారు. అతను ఊపిరి బిగబట్టి, చిన్న పటకారుతో తీగ వంపును కొంచెం కొంచెంగా సరిచేశాడు. విరగలేదు. రెండు టిక్కులూ సమానమయ్యాయి.

ఆదివారం దాటింది. గడియారం ఆగలేదు.

సోమవారం పొద్దున్నే సాలమోను కొట్టుకి తాళం వేసి, పటకారు జేబులో పెట్టుకుని కొత్తపేట బస్సెక్కాడు. అక్కడ, నిరుడు అతనిచేత గడియారం బాగుచేయించుకున్న దొరబాబుగారు వింతగా చూశారు.

"పిలవకుండా వచ్చేవేంటి సాలమోనూ? మా గడియారం నడుస్తూనే ఉందిగా!"

"వంకరగా నడుస్తోందండీ," అన్నాడు సాలమోను, చెప్పులు విడుస్తూ.